తాళం వేసిన ఖాళీ పెట్టె

పాత సైడింగు చివర ఇవాళ నిలబడి ఉన్న రేకు డబ్బాల ఫ్యాక్టరీ, దానికి ఎదురుగా ఉన్న బ్రష్షు పిడుల కార్ఖానా, వాటి వెనకాల కూలీల ఇళ్ళు, ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలు, ఆ పిల్లల అల్లరి, అన్నీ ఒక్క బుట్ట వల్ల వచ్చాయని మా ఊళ్ళో ఒక పుకారు ఉంది. మామూలు అల్లిక బుట్ట. దాన్ని పట్టాల పక్కనున్న గుంజకి ఎవరో వేలాడదీశారట. ఎవరన్నది ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. అక్కడ పాకలో భోజనం పెట్టే గిన్నెలక్కే వేలాడదీసిందని సగం ఊరు అంటుంది. గాలికి ఎగిరొచ్చి తగులుకుందని మిగతా సగం అంటుంది. గాలికి అంత తెలివి ఉంటే మా ఇంటి మీది రేకులు పక్కింట్లో పడేవి కావు. కాబట్టి గాలిని నేను వదిలేశాను. మనుషుల్ని మాత్రం ఒక్కళ్ళని కూడా వదల్లేదు.

ముందు ఆ లైను సంగతి తెలియాలి. పెద్ద జంక్షను నుంచి రాళ్ళ క్వారీ దాకా వెళ్ళే చిన్న లైను. ఎంత చిన్నదంటే, జంక్షన్లో ఎక్కినవాడు ఆవలింతకి నోరు తెరిస్తే మూసేలోపు క్వారీ వచ్చేసేది. దానికి ఉన్నది ఒకటే ఇంజను. మేము దాన్ని దగ్గుబండి అనేవాళ్ళం. వెనకాల ఒక్క బరువు పెట్టె తగిలిస్తే చాలు, పుట్టినప్పట్నుంచీ ఉబ్బసం ఉన్న ముసలాయనలా దగ్గుకుంటూ పోయేది. బరువు ఎక్కువైతే దగ్గు ఎక్కువ. ఇంట్లో కూర్చుని, దగ్గు విని, ఏ ఫ్యాక్టరీ పెట్టె ఎంత నిండిందో చెప్పేవాళ్ళు మా ఊళ్ళో. ఈ దగ్గు సంగతి కాస్త మనసులో పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

లైను వేసింది రాళ్ళ కోసమే. కానీ పట్టాలు కనపడగానే ఫ్యాక్టరీలు వాటి పక్కన చేరాయి, పొయ్యి పక్కకి పిల్లులు చేరినట్టు. ముందు పెంకుల ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత సబ్బులది, ఆ తర్వాత బ్రష్షులది. ఒక్కోదానికి లైనులోంచి చీలి లోపలికి వెళ్ళే పక్క పట్టాలు ఉండేవి, వాటినే సైడింగు అంటారు. ఫోను లేదు, తంతి లేదు. సరుకు ఎత్తడానికి ఖాళీ పెట్టె కావాలంటే ఫ్యాక్టరీవాళ్ళు సైడింగు మొదట్లో ఉన్న గుంజకి ఒక బుట్టని బోర్లా వేలాడదీసేవాళ్ళు. డ్రైవరు వెళ్తూ చూసి, వచ్చేటప్పుడు ఒక ఖాళీ పెట్టెని అక్కడ వదిలేసేవాడు. పెట్టె నిండాక బుట్టని వెల్లకిలా తిప్పి కట్టేవాళ్ళు. అప్పుడు వచ్చి పట్టుకెళ్ళేవాడు. మొదట క్వారీ మేస్త్రీ ఒకడు చేతికి ఇంకేమీ దొరక్క రాళ్ళ బుట్ట తగిలించాడట, అదే అలవాటైపోయింది. పెద్దాఫీసు నుంచి జెండాలు పంపారు. మావాళ్ళు వాటితో దిండు గలీబులు కుట్టుకున్నారు.

ఆ బుట్టకి ఉన్న పరువు ఊళ్ళో మనిషికి లేదు. వేలాడే బుట్టని పిల్లలు ముట్టుకుంటే వీపు పగిలేది. అది ఎవరిదని డ్రైవరు అడిగేవాడు కాదు. అడగడానికి బండి ఆపితే ఆవిరి పోతుందని అతని బాధ. బుట్ట ఉందా, పెట్టె వదులు. అంతే లెక్క.

ఇక సబ్బులాయన, బ్రష్షులాయన. వీళ్ళు బావాబావమరుదులు. బ్రష్షులాయన అక్కని సబ్బులాయన చేసుకున్నాడు. పెళ్ళి పందిట్లో ఎవరు ముందు కూర్చోవాలన్న దగ్గర మాటా మాటా వచ్చింది, అంతే, ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకోలేదు గానీ, ఒకరి మీద ఒకరు కన్ను తియ్యలేదు. సబ్బులాయన తుమ్మితే, ఆ తుమ్ము వెనకాల ఏం ఎత్తు ఉందోనని బ్రష్షులాయన అన్నం మానేసేవాడు. బ్రష్షులాయన గేటుకి రంగు వేయిస్తే సబ్బులాయన నిద్ర మానేసేవాడు. మధ్యలో ఆ అక్కగారు భర్తని తిట్టాలంటే తమ్ముణ్ణి పొగిడేది, తమ్ముణ్ణి తిట్టాలంటే భర్తని పొగిడేది. అలా కాలక్షేపం చేసింది, పాపం.

నేనప్పుడు సబ్బుల ఫ్యాక్టరీలో కాగితాలు చుట్టే గదిలో కొత్తగా చేరాను. పొడుగాటి బల్లకి అటూ ఇటూ ఆడవాళ్ళం కూర్చుని, సబ్బు మీద కాగితం మడిచి, జిగురు రాసి, వేలితో నొక్కి అవతల పడేసేవాళ్ళం. సాయంత్రానికి వేళ్ళు ఎంత నున్నగా అయ్యేవంటే పట్టుకున్న తలుపు గడియ కూడా జారిపోయేది. మా గదికీ సబ్బులాయన ఆఫీసుకీ మధ్య ఉన్నది చెక్కల గోడ. అది కప్పు దాకా ఉండదు. చెక్కల మధ్య సందుల్లోంచి ఆయన చెప్పులు కనిపించేవి, గోడ పైనుంచి ఆయన మాటలు వచ్చేవి. కాబట్టి నేను చెప్పేవాటిలో ఆయన మాటలు మాత్రం నా చెవులతో విన్నవే. మిగతావి చాలావరకు పట్టాల గ్యాంగు మేస్త్రీ వాళ్ళావిడ చెప్పినవి. ఆవిడ అబద్ధం ఆడదు, కాస్త పెంచుతుంది. నేను దాన్ని మళ్ళీ కాస్త తగ్గించి చెప్తున్నాను.

గిన్నెలక్క పెంకుల ఫ్యాక్టరీ సైడింగు చివర పాక వేసుకుని భోజనం పెట్టేది. ఆవిడ దగ్గర ఎవరు తిన్నా, తిన్న గిన్నె వాళ్ళే కడిగి బోర్లించాలి. కడిగిన గిన్నెని ఆవిడ వెలుగులోకి ఎత్తి పట్టుకుని తన మొహం చూసుకునేది. మొహం కనపడకపోతే మళ్ళీ కడగాలి. కొత్తగా వచ్చిన పెంకుల ఫ్యాక్టరీ మేనేజరు "నేనెవరో తెలుసా?" అన్నాడట. "గిన్నె కడగనివాడివి" అంది. ఆయన కడిగాడు. మొహం కనపడలేదు, మళ్ళీ కడిగాడు. అప్పట్నుంచీ ఆవిడ పేరు గిన్నెలక్క. అసలు పేరు ఆవిడకి కూడా గుర్తులేదని నా అనుమానం.

భర్త పట్టాల గ్యాంగులో పనిచేస్తూ జ్వరమొచ్చి పోయాడు. గ్యాంగువాళ్ళే తలా ఒక చెయ్యి వేసి, పట్టాల కింద వేసే పాత దూలాలు నిలబెట్టి, పైన రేకులు పరిచి ఆ పాక కట్టిచ్చారు. ఎండ ఎక్కితే గోడలు తారు వాసన కొట్టేవి. లోపల జంట పొయ్యి, పొడుగాటి బల్ల, గోడ పొడుగునా మేకులు. మేకులకి గిన్నెలు చిన్నదాని దగ్గర్నుంచి పెద్దదాని దాకా వరసగా వేలాడేవి. బండి వెళ్ళినప్పుడల్లా గిన్నెలన్నీ ఒకదానికొకటి తగిలి గణగణమనేవి. "నా గిన్నెలకి బండి రావడం నాకంటే ముందు తెలుస్తుంది" అనేది. ఆవిడకి ఉన్న ఇల్లూ, వాకిలీ, దుకాణం, లోకం అదే.

తర్వాత పెంకుల ఫ్యాక్టరీకి మట్టి అయిపోయింది. గొయ్యి తవ్వుతూ తవ్వుతూ పోతే రాయి తగిలింది. ఫ్యాక్టరీ మూసేశారు. పొగగొట్టంలో పిట్టలు గూళ్ళు పెట్టాయి. పట్టాల మధ్య గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. గిన్నెలక్క బల్ల మీద గ్యాంగు మనుషులు తప్ప ఎవరూ మిగల్లేదు. అప్పుడు లైను సూపర్నెంటు వచ్చాడు. పొడుగ్గా, ఎండిన ముల్లంగిలా ఉండేవాడు. పట్టాల మీద బూటుతో తట్టి చూశాడు.

"వానలు పడేలోపు ఈ సైడింగు నుంచి ఎవరూ పెట్టె అడక్కపోతే పట్టాలు పీకేస్తాం. నీ పాక కూడా తియ్యాలమ్మా. స్థలం రైలు కంపెనీది."

"పాక నాది కదండీ."

"పాక తీసుకెళ్ళు. ఎవరొద్దన్నారు?"

ఈ మాట ఊళ్ళోకి పాకగానే గిన్నెలక్క వదిన దిగింది. అన్నగారిది ఊరికి అవతలి వైపు ఇల్లు. వదిన ఒక బుట్ట నిండా కాయగూరలు పట్టుకుని వచ్చింది. ఆవిడ చెయ్యి అంత ధారాళంగా ఎప్పుడూ తెరుచుకోదు, అందుకే అందరూ గమనించారు. పాకలో ఓ మూల గ్యాంగు మేస్త్రీ తింటున్నాడు. తినడం అయిపోయినా వినడం కోసం ఖాళీ గిన్నెలో చెయ్యి తిప్పుతూ కూర్చున్నాడట.

"ఏంటమ్మాయ్, పరాయిదానిలా ఇక్కడ పడుండటం? మన ఇంట్లో మెట్ల కింద గది లేదూ? పాత సామాను ఒక పక్కకి నెడితే హాయిగా కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు."

"చాపుకోవాలనిపిస్తే వదినా?"

"చాపుకో! ఎవరొద్దన్నారు? తలుపు తీసుకుని చాపుకో."

గిన్నెలక్క తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

"ఇంకో మాట. మా ఇంటికొచ్చాక నువ్వు పొయ్యి దగ్గరికి రావడానికి వీల్లేదు. ఊరందరికీ వండి వండి అలిసిపోయావు. నా వంటింట్లో నీకు పని చెప్పను. ఈ గిన్నెలన్నీ ఎవరికైనా ఇచ్చేసెయ్."

మేస్త్రీ చెప్పడం ఏంటంటే, ఆ మాటకి గిన్నెలక్క మొహం, అంటుకోని పొయ్యిలా అయిపోయిందట. గాలి ఊదినా నిప్పు లేదు. వదిన వెళ్ళిపోయాక చాలాసేపు మేకుల వంక చూస్తూ నిలబడిందట. మెట్ల కింద గదిలో మేకు కొట్టడానికి గోడ కూడా లేదు, అన్నీ మెట్లే.

ఇది జరిగిన కొద్ది రోజులకే, ఒక పొద్దున, పెంకుల సైడింగు గుంజకి బుట్ట వేలాడుతోంది. బోర్లా. శుభ్రంగా.

దగ్గుబండి వెళ్తూ చూసింది. వస్తూ ఒక ఖాళీ పెట్టెని గడ్డిలోకి నెట్టి వదిలేసి పోయింది. ఇనుప చక్రాల కింద గడ్డి నలిగిన వాసన ఊరంతా కొట్టిందని అంటారు. అది నేను నమ్మను. వార్త మాత్రం అంత వేగంగానూ పాకింది. మా బల్ల దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి.

"పెంకులు లేవు, పెంకుల మట్టి లేదు, పెంకులు మోసిన గాడిద కూడా పోయింది. మరి పెట్టె ఎవరికే?" అంది మా బల్ల దగ్గర అందరికంటే పెద్దామె.

"పొగగొట్టంలో పిట్టలు ఇల్లు మారుతున్నాయేమో అత్తా."

"నవ్వకండే. ఎవరో ఏదో మొదలెడుతున్నారు. చెప్పకుండా మొదలెడుతున్నారంటే మంచిది కాదు."

చెక్కల గోడ అవతల చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. సబ్బులాయన గొంతు వినిపించింది.

"ఇది మా బావమరిది పని. నాకు తెలుసు. వాడు నా పక్కలోనే సబ్బు మొదలెడుతున్నాడు."

"బ్రష్షులు చేసేవాళ్ళకి సబ్బెందుకండీ?" అన్నాడు గుమాస్తా.

"వాడి అక్కతో కాపురం చేస్తున్నవాణ్ణి, వాడి బుద్ధి నాకు చెప్తావా? వాడు బుర్ర గోక్కోవాలన్నా ముందు పక్కవాడి బుర్ర గోకి చూస్తాడు. వెళ్ళు. ఆకలేసినట్టు వెళ్ళి తిని రా. తినేటప్పుడు అడుగు."

గుమాస్తా వెళ్ళాడు. తీరా చూస్తే పెట్టె తలుపుకి ఇంత లావు తాళం! గిన్నెలక్క సామాను కొట్టుకి వేసే తాళం అది. కొత్తగా నూనె కూడా పూసింది. లోపల ఏముందో చూద్దామని గుమాస్తా చెక్కల సందులో కన్ను పెట్టబోయేసరికి వెనక నుంచి గరిటె చప్పుడైందట.

"అక్కా, ఆ తాళం ఎందుకు?"

"తెరుచుకోకుండా ఉండటానికి."

"లోపలేముంది?"

"తెలిస్తే తాళం ఎందుకు?"

"ఎవరు పెట్టారక్కా బుట్ట? మా షావుకారు బావమరిదిగారా?"

"నేనేం అన్నాను? నువ్వే అన్నావు ఆ పేరు. కూర వేయనా?"

చూశారా? గిన్నెలక్క ఒక్క అబద్ధం ఆడలేదు. గుమాస్తా మాత్రం పరిగెత్తుకుంటూ వచ్చి "ఆయన పేరెత్తగానే కూర వేస్తానని మాట మార్చేసిందండీ!" అన్నాడు. చెప్పుల్లో ఒకటి ఎగిరి మా గోడకి తగిలింది.

రెండోరోజు బ్రష్షులాయన తనే వచ్చాడు. డాక్టరు నడవమన్నాడని చెప్పుకుంటూ, జన్మలో వెళ్ళని వైపు నడిచి వచ్చాడు. పాక ముందు పీట మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. గిన్నెలక్క ఇచ్చింది. ఆయన నీళ్ళు తాగుతూ తాళం వంకే చూస్తున్నాడట, నీళ్ళు గడ్డం మీంచి చొక్కాలోకి పోతున్నా తెలియకుండా.

"పెట్టె ఎవరిదమ్మా?"

"నిన్న మీ బావగారి గుమాస్తా కూడా ఇక్కడే కూర్చుని ఇదే అడిగాడు బాబూ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"తన పెట్టె గురించి తనే ఎందుకు అడిగిస్తాడు? నాకు తెలియకూడదని నాటకం! నువ్వేం చెప్పావు?"

"నాకేం తెలుసు బాబూ, వండుకునేదాన్ని. గ్లాసు కడిగి బోర్లించండి."

కడిగాడు. అంత మనిషి.

ఆ రోజు నుంచీ పాడుబడ్డ సైడింగుకి ఒకటే రాకపోకలు. సబ్బులాయన మనుషులు గొడుగుతో స్థలం కొలిచారు. బ్రష్షులాయన మనుషులు తాడుతో కొలిచారు. కొలవడానికి వచ్చినవాళ్ళందరూ ఆకలేసి గిన్నెలక్క దగ్గరే తిన్నారు. ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని, ఎవరూ నోరెత్తకుండా తిన్నారు, ఎక్కడ నోరు జారుతుందోనని. గిన్నెలు మాత్రం మళ్ళీ గణగణమన్నాయి.

కానీ అక్కడే ముప్పు కూడా ఉంది. పెట్టెని ఊరికే నిలబెట్టి ఉంచుకోవడానికి లేదు. నింపాలి, పంపాలి. సరుకు లేకుండా బుట్ట వేలాడదీస్తే రైలు కంపెనీని ఆటపట్టించినట్టు లెక్క. పెట్టె కదలడం లేదని తెలిసి సూపర్నెంటు ఒక మధ్యాహ్నం ట్రాలీ మీద దిగాడు. తలుపు తీస్తే లోపల గాలి తప్ప ఏమీ లేదని తేలిపోతుంది. పాక పోతుంది, పట్టాలు పోతాయి, మెట్ల కింద గది తలుపు తెరుచుకుంటుంది. గిన్నెలక్క గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

మధ్యాహ్నం తిండికి వదిలారని చెప్పి మేమందరం అక్కడే ఉన్నాం. మా పెద్దామె పొగగొట్టం దిమ్మ ఎక్కి కూర్చుంది.

"తాళం చెవి ఇవ్వు" అన్నాడు సూపర్నెంటు.

"నా దగ్గర ఉందని ఎవరన్నారండీ?"

"తాళం నీదే అంటున్నారు."

"తాళం అడిగితే ఇచ్చాను. ఊళ్ళో ఎవరు ఏది అడిగినా ఇస్తాను. పోయినసారి మీరు ఉప్పు అడిగితే ఇవ్వలేదూ?"

"అడిగిందెవరు?"

"అది వాళ్ళు చెప్పుకోవాలి గానీ నేను చెప్తే బాగుండదు."

సూపర్నెంటు సహనం అయిపోయింది. "పగలగొట్టండి" అన్నాడు. గ్యాంగు మేస్త్రీ సుత్తి ఎత్తాడు. ఎంత మెల్లగా ఎత్తాడంటే, ఎత్తడం మొదలుపెట్టినప్పుడు అతని జుట్టు నల్లగా ఉందని మా పెద్దామె ఇప్పటికీ అంటుంది. గిన్నెలక్క అన్నం తిన్న మనిషి మరి, మేస్త్రీ.

సుత్తి పైకి వెళ్ళింది. గిన్నెలక్క కళ్ళు మూసుకుంది.

"ఆగండి!" అని గుంపులోంచి ఒక కేక. సబ్బులాయన. "ఆ పెట్టె నాది!"

అందరం నోళ్ళు తెరిచాం. ఆయన లెక్క నాకు తర్వాత అర్థమైంది. పెట్టె ఎవరిదైతే సైడింగు వాళ్ళకి దక్కుతుంది. బావమరిది ఇంకా రాలేదు, తను ముందు అనేస్తే సరి.

కానీ బావమరిది వచ్చే ఉన్నాడు. పొగగొట్టం వెనక నుంచి, నెత్తిన పిట్ట ఈకలతో బయటికి దూకాడు. "అబద్ధం! నాది!"

"నీదైతే లోపలేముందో చెప్పు చూద్దాం!"

"నీదైతే నువ్వే చెప్పు బావా, ముందు అన్నది నువ్వేగా!"

ఇన్నేళ్ళ తర్వాత ఆ నోట్లోంచి బావా అన్న మాట రావడం అదే మొదలు. అదీ తిట్టులా వచ్చింది.

సూపర్నెంటు ముల్లంగి మొహం మొదటిసారి తాజాగా కనిపించింది. "సరే, ఏముంది లోపల?" అని సబ్బులాయన్ని అడిగాడు.

"నమూనాలు."

"ఏం నమూనాలు?"

"వీడు వినేలా చెప్పమంటారా? వినీ వినగానే పోయి తనూ మొదలెడతాడు."

"మరి మీరో?"

"నావి కూడా నమూనాలే" అన్నాడు బ్రష్షులాయన. "మా బావ వినేలా నేనూ చెప్పను."

"పోనీ, తీసి చూస్తే తేలిపోతుందిగా. మేస్త్రీ..."

"వద్దు!" అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో. ఆ ఇద్దరూ జీవితంలో ఒక మాట మీద నిలబడింది అప్పుడే. తలుపు తీస్తే తన అబద్ధం బయటపడుతుందని ఒక్కొక్కడికీ గుండెల్లో దడ. అవతలివాడిది నిజమేమోనని ఇంకో దడ.

సూపర్నెంటుకి కావలసింది సరుకు. చచ్చిపోయిందనుకున్న సైడింగు కోసం ఇద్దరు షావుకార్లు కొట్టుకుంటుంటే పట్టాలు ఎవడు పీకుతాడు? "అటు పక్క మీరు కట్టుకోండి, ఇటు పక్క మీరు కట్టుకోండి, పట్టాలు మధ్యలో ఉంటాయి" అన్నాడు. అని ట్రాలీ ఎక్కబోతూ పాక వంక చూశాడు. "కట్టేవాళ్ళకి తిండి కావాలిగా. ఉండనీ" అన్నాడు.

గిన్నెలక్క కళ్ళు తెరిచింది. సుత్తి ఇంకా పైనే ఉంది. "దింపు మేస్త్రీ, చెయ్యి నొప్పెడుతుంది" అంది.

బుట్టని వెల్లకిలా కట్టారు. దగ్గుబండి వచ్చి పెట్టెని తగిలించుకుని కదిలింది. ఇప్పుడు ఆ దగ్గు గుర్తు తెచ్చుకోండి. దగ్గలేదు! నమూనాలతో నిండిన పెట్టెని లాగుతూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ బండి ఈల వేసుకుంటూ పోయింది. డ్రైవరు ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు మొహం పైకి పెట్టుకున్నాడు. షావుకార్లిద్దరూ ఒకరి మీద ఒకరు కన్నేసి ఉన్నారు గనక వినలేదు. మేమందరం విన్నాం. ఒక్కరం కూడా నోరు విప్పలేదు. మా ఊరు మొత్తం ఒకేసారి నోరు మూసుకున్నది ఆ ఒక్క రోజే. తాళం కూడా పెట్టెతోపాటే పోయింది, మళ్ళీ తిరిగి రాలేదు.

పరువు కోసం కట్టక తప్పలేదు ఇద్దరికీ. సబ్బులాయన రేకు డబ్బాలు మొదలుపెట్టాడు, సబ్బులు డబ్బాల్లో పెట్టి అమ్మొచ్చని. బ్రష్షులాయన పిడులు చెక్కే మిషన్లు దింపాడు. రెండూ బాగా నడిచాయి. అనుమానంతో వేసిన పునాది అంత గట్టిగా ఉంటుందని ఎవరనుకున్నారు? నేనూ సబ్బుల నుంచి డబ్బాల్లోకి మారాను. పాక కాస్తా ఇటుకల గోడల క్యాంటీను అయింది. గోడ పొడుగునా మేకులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇవాళ్టికీ షావుకార్లిద్దరూ వచ్చినప్పుడు, చెరో చివర కూర్చుని తిని, ఎవరి గిన్నె వాళ్ళు కడుగుతారు. ఎవరిది ఎక్కువ మెరిసిందోనని ఓరకంట చూసుకుంటారు.

అయితే బుట్ట ఎవరు వేలాడదీశారు?

గిన్నెలక్క మీద అనుమానం అందరికీ ఉంది. డ్రైవరు మీద నాకుంది. అతను రోజూ అక్కడే తినేవాడు, పాక పోతే అతనికి క్వారీ దాకా ఎండు రొట్టే గతి. కానీ డ్రైవరు బుట్టకి ఎప్పుడూ అంత శుభ్రమైన ముడి వెయ్యలేడు. ఇక్కడ గ్యాంగు మేస్త్రీ ఎప్పుడో ఒకసారి నోరు జారిన ముక్క ఒకటి ఉంది. ఆ పొద్దున గుంజ దగ్గరికి మొదట వెళ్ళింది అతనే. గిన్నెలక్క బుట్టలన్నీ వెడల్పుగా ఉంటాయి, అంచుకి తీగ చుట్టి ఉంటుంది. వేలాడిన బుట్ట లోతుగా ఉంది. పిడికి నీలం గుడ్డపీలిక కట్టి ఉంది.

ఊళ్ళో బుట్టలకి నీలం పీలికలు కట్టుకునేది ఒకే ఒక్క మనిషి. పక్కింటివాళ్ళు ఎత్తుకుపోతారని తన సామానంతటికీ గుర్తులు పెట్టుకునే గిన్నెలక్క వదిన. కాయగూరలతో వచ్చిన రోజు ఆవిడ బుట్టతో వచ్చింది. వెళ్ళేటప్పుడు చేతిలో బుట్ట ఉందో లేదో మేస్త్రీకి గుర్తులేదు. బుట్ట పాకలో ఉండిపోతే వేలాడదీసింది గిన్నెలక్క. పట్టుకుపోయి ఉంటే? ఆడపడుచు వచ్చి మెట్ల కింద చేరకుండా ఉండాలంటే, చేరాల్సిన అవసరం లేకుండా చెయ్యాలి. ఆవిడ తెలివి అంతవరకూ పోతుందా? నన్నడిగితే, అంతకంటే దూరం పోతుంది.

ఇదంతా మనసులో దాచుకుని చచ్చిపోవడం నా వల్ల కాదు. మొన్న తిండి వేళ జనం పల్చబడ్డాక గిన్నెలక్క ఎదురుగా పీట వేసుకుని కూర్చుని మొత్తం చెప్పాను. పుకారు దగ్గర్నుంచి దగ్గు దాకా. ఆవిడ ముసలిదైపోయింది, చెవులు మాత్రం బండి రాక వినేంత బాగున్నాయి. గిన్నె తుడుస్తూ విన్నది.

"ఎవరు చెప్పారే సబ్బుపిల్లా నీకివన్నీ?" అంది. నా జుట్టు నెరిసినా ఆవిడకి నేను సబ్బుపిల్లనే.

"అందరూ అక్కా."

"అందరికీ పనిలేదు. ఆ పెట్టె నిండా సరుకుంది."

"ఏం సరుకు?"

"నీకు చెప్పకూడని సరుకు."

"మరి బండి దగ్గలేదేం?"

"మందు వేసుంటారు."

అప్పుడు నేను నీలం పీలిక సంగతి ఎత్తాను. వదిన పేరు రాగానే తుడుస్తున్న చెయ్యి ఆగింది. గిన్నె వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. అందులో ఆవిడ మొహం నాకూ కనిపించింది. నవ్వు లేదు.

"మా వదిన ఆ గదికి సున్నం వేయించింది. తెలుసా నీకు? నాకోసమని కొత్త చాప కూడా కొనిపెట్టింది. నేను రానన్నానని వారం రోజులు ఏడ్చింది. మా అన్న చెప్పాడు. నన్ను వద్దనుకున్నవాళ్ళు ఎవరూ లేరు. మా వదిన మీద ఇంకో మాట అన్నావంటే నీ చేత గిన్నె కాదు, ఆ మూలనున్న పెద్ద డేక్సా కడిగిస్తాను."

"అయితే బుట్ట నువ్వే..."

"ఏ బుట్ట? బుట్టా లేదు, గుంజా లేదు. తాళం లేదు. పట్టాలు పీకుతామని ఎవరూ అనలేదు. ఆ సైడింగులోకి అసలు పెట్టే రాలేదు. నీ కథలో ఒక్క ముక్క నిజం లేదు. తిన్నావుగా? లే. గిన్నె కడుగు."